బిందెడు మంచినీళ్లు

నాన్న పాత మోటార్‌సైకిల్‌ను అమ్మేయడానికే ఆ రోజు కడప నుంచి బయలుదేరానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో సముద్రం చూసొస్తానన్నాను. నాన్న పోయాక దాని ఇన్సూరెన్స్‌కూ రిజిస్ట్రేషన్‌కూ గడువు దగ్గరపడింది. "ఇంత పాత బండితో ఎందుకమ్మా తిప్పలు?" అన్నాడు ఏజెంటు. వాదించడం నాకు చేతకాదు. ముత్తుకూరులో కొనేవాళ్లు దొరికారు.

అక్కడికి వెళ్లేముందు నిజంగానే సముద్రం ఒడ్డున కాసేపు ఆగాను. వల బాగుచేసుకుంటున్న ఒకామె నా బండిని చూసి లేచి వచ్చింది.

"ఏంది పాపా, ఉప్పుగాలికి ఎదురుగా పెట్టినావే! తినేస్తాది దాన్ని."

అంటూనే తన బిందెలోని నీళ్లు చెయిను మీదా చక్రాల చువ్వల మీదా పోసింది.

"తాగే నీళ్లు కదక్కా!"

"పడవ ఒడ్డుకొస్తే ముందు ఇంజనుకే పోస్తాం. మా ఆయనకు ఆ తర్వాతే." నవ్వింది. "ఎవరిదీ బండి?"

"నాన్నది. ఆయన లేరు."

ఆమె కొంగుతో ట్యాంకు తుడిచింది. "ఇప్పుడు యాడికి పోతుండావు?"

ముత్తుకూరు అనబోయి, "ఇంటికి" అన్నాను.

"అయితే పోయినాక ఇంకోసారి కడుగు. మంచినీళ్లతోనే. మర్చిపోబాక తల్లీ."