రెసిలియెంట్‌కు ఒక ఉదాహరణ

చాలా ఏళ్లుగా ఒక ఇంగ్లిషు విశేషణాన్ని నేను నోటితో పలకలేదు. పత్రిక డెస్కులో ఏజెన్సీ వార్తలు అనువదించేటప్పుడు అది తగిలితే ఆ కాగితం పక్కవాడికి జరిపేవాణ్ని. ఎందుకని ఎవరూ అడగలేదు. మీరూ అడగలేదు. అయినా చెబుతున్నాను.

ఆ మాట రెసిలియెంట్. దెబ్బ తిన్నా మళ్లీ నిలదొక్కుకునే మనిషి అని అర్థం. పత్రికలో నా పని సాయంత్రం మొదలయ్యేది కనుక, ఉదయాలు మైత్రీవనం వెనక సందులో సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లకు ఇంగ్లిషు చెప్పేవాణ్ని. మీ గురించి ఒక్క మాటలో చెప్పమంటే ఒక విశేషణం, వెంటనే దానికి సొంత జీవితంలోంచి ఒక ఉదాహరణ. ఉదాహరణ లేని విశేషణం చెల్లదని నేనే నేర్పాను.

రజితది సిరిసిల్ల. నాన్న చెయ్యి మరమగ్గంలో నలిగిపోయాక మగ్గాలు తనే నడిపింది. ఆ చప్పుడులో తన గొంతు తనకు వినపడాలని డిగ్రీ పాఠాలు అరిచి చదివేది. రెసిలియెంట్‌కు ఉదాహరణగా ఇదంతా నాకు పొడిపొడిగా చెప్పింది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో నేను దిద్దాను. బాగా వచ్చింది. దిద్దిన వార్త నాదే అనుకోవడం డెస్కు మీద నాకు అలవాటు. తర్వాత నేను చేసినదానికి అదేనా కారణం? కావచ్చు.

అదే బ్యాచ్‌లో భీమవరం కుర్రాడు కిరణ్. ఇంటర్వ్యూ ముందురోజు వచ్చి, "నాకు కష్టాలేం లేవు మాస్టారూ, ఏం చెప్పమంటారు?" అన్నాడు. మగ్గం తీసి రైస్‌మిల్లు పెట్టి రజిత కథే ఇచ్చాను. ఇద్దరూ వెళ్లేది ఒకే కంపెనీకని తెలిసే ఇచ్చానా, తెలిసిన సంగతిని ఆ కాసేపు గుర్తు రానివ్వకుండా పక్కన పెట్టానా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేను.

బేగంపేటలో ఆ కంపెనీ ఇంటర్వ్యూకి కిరణ్ ముందు లోపలికి వెళ్లాడు. తర్వాత రజిత. సగంలో ఆపి, ఇది ఇందాకే విన్నామన్నారట. నవ్వారట.

ఉద్యోగం వచ్చిన కిరణ్ మళ్లీ క్లాసుకు రాలేదు. రజిత పంజగుట్ట బస్టాపులో ఎదురైంది.

"నా ముచ్చట కిరణ్‌కెట్ల తెలిసింది సార్? నేనే కాపీ కొట్టిన అనుకున్నరు వాళ్లు."

"ఇంకెవరికైనా చెప్పావా అమ్మా?"

"హాస్టల్ల మాధవికి చెప్పిన. గంతే."

"ఇంకేం మరి."

"అది గట్ల చెయ్యది సార్."

"ఎవరినని నమ్ముతాం," అన్నాను.

బస్సు వచ్చింది. ఎక్కింది.

ఆ వారమే హాస్టల్ గది ఖాళీ చేసిందట. రజిత తనతో ఎందుకు మాట్లాడటం లేదో మీకేమైనా తెలుసా అని మాధవి వచ్చి నన్నే అడిగింది. తెలియదన్నాను. వార్త కోసం ఎవరెవరి ఆచూకీలో తీసినవాణ్ని, రజిత ఏమైందో కనుక్కోలేదు. సిగ్గుపడ్డానా? ఆ రోజు డ్యూటీకి వెళ్లి, మామూలుగానే పేజీలు పంపాను.

ఇది ఆమె కంట పడుతుందో లేదో. క్షమించమని రాయడం లేదు.

రజితా, మాధవి చెప్పలేదు. నేను చెప్పాను.