కుంచం ముందు తుమ్ము

నయాపైసలు వచ్చి రెండేళ్లయింది. నాకు ముప్పై ఎనిమిదో ఏడు. ఆ ఏటి కోతల్లోనే తుమ్ములు పట్టుకున్నాయి.

అప్పటికి పదహారేళ్లుగా మైపాడు దగ్గర మా ఊళ్లో ధాన్యం కొలుస్తున్నాను. చదువు నాలుగో తరగతితో ఆగినా పుట్లు, తూముల లెక్క సొంతంగా నేర్చుకున్నాను. భార్య పోయింది, పిల్లలు లేరు. నా కోసం ఎవరైనా ఎదురుచూసే రోజులు ఏడాది మొత్తంలో కోతల రోజులే.

మా వైపు కొలతలో మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ సమయానికి ఎవరైనా తుమ్మితే ఆగి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ ఏడు తుమ్మేది నేనే. ఒక కళ్లంలో మూడుసార్లు ఆగాం. రైతు మూడుసార్లూ నీళ్లు తెప్పించాడు. ఆయన తల్లి మాత్రం అడిగింది.

"ఏం నాయనా, మా రాశి మీద నీ ముక్కుకేమన్నా పగా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మరుసటి వారం రెండు కళ్లాలకు నన్ను పిలవలేదు.

పడిశమనుకుని పెరుగు మానేశాను. సాంబ్రాణి పొగ వేసుకుంటే ఇంకా ఎక్కువైంది. చివరికి నాకు చేతనైన పని చేశాను, తుమ్ములు లెక్కపెట్టి ఒక పుస్తకంలో రాసుకున్నాను. ఏ పూట, ఎక్కడ, గాలి ఎటునుంచి అని గళ్లు గీశాను. తూర్పారబట్టిన రోజు నలభై మూడు. గడ్డివామి పక్కన పందొమ్మిది. సముద్రం ఒడ్డున పడవల దగ్గర కూర్చుంటే రెండు, ఒక్కోరోజు అసలు లేవు. నాలుగు నెలలు రాశాక అనుమానం మిగల్లేదు. నాకు పడనిది ధాన్యం దుమ్మే.

కావలిలో డాక్టరు గారు ఆ పుస్తకం ఓపిగ్గా చూశారు. కొందరికి నడివయసులో ఇలా మొదలవుతుందని, దుమ్ముకు దూరంగా ఉండమని చెప్పారు. అది కుదరదన్నాను. బిళ్లలు రాసిచ్చారు, మత్తుగా ఉంటుందని కూడా చెప్పారు.

మరుసటి కోతలకు బిళ్ల వేసుకుని అదే రైతు కళ్లానికి వెళ్లాను. లాభం అన్నాను. తుమ్ము రాలేదు. ముసలామె తల ఊపింది. కుంచాలు సాగుతున్నాయి. ఉన్నట్టుండి చేతిలో కుంచం ఆగింది. అంతకుముందు అన్నది ముప్పై ఏడో, ముప్పై ఎనిమిదో తెలియలేదు. కళ్లు బరువెక్కి ఉన్నాయి. నా తప్పు ఎవరూ పట్టలేదు.

లెక్క పోయిందని రైతుతో చెప్పాను.

"నువ్వు ఏదంటే అదే, అన్నా. నీ నోటి లెక్కకు ఎదురేముంది?" అన్నాడాయన.

ఆ మాట అనకుండా తిట్టి ఉంటే అక్కడే ఉండేవాణ్నేమో. కొలిచినదంతా మళ్లీ రాశిలో పోయించాను. కుంచాన్ని నా పక్కన సంచి పట్టుకుని ఉన్న, నాకు వరసకు తమ్ముడయ్యే అతనికిచ్చి, నెమ్మదిగా కొలవమని చెప్పి ఇంటికి వచ్చేశాను.

ఆ తరవాత కోతల్లో అరుగు మీద కూర్చునేవాణ్ని. సముద్రపు గాలి వీస్తున్నంతసేపూ ముక్కు తేలిగ్గా ఉండేది, కళ్లాల అలికిడి మాత్రం తెలిసేది కాదు. గాలి పొలాల వైపునుంచి తిరిగితే కొలిచేవాడి గొంతు స్పష్టంగా వచ్చేది. పది, పన్నెండు కుంచాల దాకా అతనితోపాటు లోపల లెక్కపెట్టుకునేవాణ్ని. అంతలో తుమ్ములు మొదలయ్యేవి. లేచి తలుపు వేసుకునేవాణ్ని.