ఘటం కూసున్న దినాలల్ల ఆపిన గోలీలు

మా ఇంటాయనకు గుండె నరం మూసుకపోతే హైదరాబాద్ తీస్కపోయి స్టెంట్ ఏపిచ్చినం. నరం మళ్ల మూసుకపోకుంట లోపట పెట్టే సన్నటి జాలిగొట్టం అది. "నెత్తురు గడ్డకట్టకుంట ఈ రెండు గోలీలు. సంవత్సరం దాంక ఒక్క దినం గూడ ఇడువొద్దు" అన్నడు అక్కడి డాక్టరు. నాకు చదువు రాదు. రంగు చూసి ఇచ్చేదాన్ని, అన్నం తిన్నంక గులాబీది ఒకటి, తెల్లది ఒకటి.

నాలుగు నెలలు మంచిగున్నడు. మిషన్ మీద కూసొని బట్టలు గూడ కుట్టిండు. గంతల దసరా అచ్చింది. మేముండేది నాందేడ్ల, మేము గూడ మరాఠోళ్ల లెక్క దేవి పేరున కుండ పెట్టి, ఘటం కూసుండబెట్టి తొమ్మిది దినాలు ఉపాసముంటం. అన్నం, రొట్టె ముట్టం. సాబుదాన అనే సగ్గుబియ్యం, పల్లీలు, పండ్లు, అంతే.

"ఈసారి నువ్వు ఉండకు" అన్న.

"బతికిచ్చిన తల్లికి ఉండనా ఏందే?"

మొదటి దినం గోలీలు చేతుల పట్టుకొని నన్నే అడిగిండు, ఏసుకోవాల్నా అని.

"కడుపుల అన్నం లేకుంట ఏస్తే పేగులు మండుతయి. ఘటం లేసినంక ఏసుకుందువు తియ్యి" అన్న. నేనే అన్న, ఇంకెవలు అనలే.

ఎనిమిదో దినం పొద్దుగాల ఛాతి పట్టుకొని మిషన్ మీదనే కూలవడ్డడు. ఒళ్లంత చెమట. ఆటోల ఏసుకొని నేను, మా అత్త దవఖానకు ఉరికినం. డాక్టరు ఈసీజీ తీసి గుండె పట్టీ చూసిండు.

"స్టెంట్ల నెత్తురు గడ్డకట్టింది. గోలీలు బంద్ చేసిండ్రా?"

"లేదు సాబ్, రోజు ఏసుకున్న" అన్నడు మా ఇంటాయన. నా దిక్కు చూడలే.

నేను నోరు తెరవబోతే అత్త చెయ్యి గిల్లింది. "ఊకో. నీ మీదికే అస్తది."

ఊకున్న.

"గోలీలు ఏసుకున్నా గడ్డకట్టిందంటే ఈయనకు ఆ మందు పడ్తలేదు" అని డాక్టరు నర్సుకు వేరేదేందో చెప్పవట్టిండు. ఇగ ఆగలే.

"అబద్ధం సాబ్! ఎనిమిది దినాలసంది ఒక్క గోలీ ఇయ్యలే. ఉపాసమని నేనే ఆపిన."

"బాయీ, దేవి అడిగిందా నిన్ను గోలీలు ఆపుమని?" అని డాక్టరు ఒక్కటే కసురు. అప్పటికప్పుడు పిడికెడు గోలీలు నమిలిపిచ్చి, గడ్డ కరిగే సూది ఏసిండ్రు. తెల్లారి హైదరాబాద్‌ల బెలూన్ పెట్టి నరం మళ్ల తెరిసిండ్రు. పానం దక్కింది గని గుండె సగం సచ్చిపోయింది. నాలుగడుగులకే దమ్ము. రెండేండ్లు గట్లనే ఉండి పానం ఇడిసిండు.

అబద్ధమెందుకు చెప్పినవని, బతికున్నప్పుడు ఒకపారి అడిగిన. "అందరి ముంగట నిన్ను తిట్టిపిచ్చాల్నా?" అన్నడు.

దేవికి కోపమచ్చిందని అత్త ఇప్పటికీ అంటది. నేను గది నమ్మ. ఆమె గిల్లినంక ఎంతసేపు ఊకున్ననో నాకు యాదికి లేదు. ఆ కొంచెంసేపుల ఎంత గుండె పోయిందో డాక్టరును అడుగుదామని రెండుపార్లు దవఖాన గడప దాంక పోయిన. అడగకుంటనే తిరిగచ్చిన.