మా వానను ఆపిన కొండ

మా నాయనకు ఆ కొండ సంగతి చెప్పింది నేనే. బడిలో సాంఘికశాస్త్రం చెప్పే నోరు ఇంట్లో ఊరుకోదు కదా. సముద్రం మీంచి వచ్చే మబ్బులు పడమటి కనుమలకు తగిలి అక్కడే కురిసేస్తాయని, మన మడకశిర దిక్కుకు వచ్చేసరికి ఉత్త గాలే మిగులుతుందని ఒకరోజు అన్నం తింటూ చెప్పాను. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"అయితే మన వాన తింటాండేది ఆ కొండా? నాకు దాన్ని చూపియ్యి పాపా" అన్నాడు.

శ్రావణంలో పోయాం. అప్పుడు మా చేలో శనక్కాయ ఊడలు వేస్తోంది. పూత నుంచి కిందికి సాగే ఆ ఊడ మట్టిలోకి దిగితేనే కాయ. నేల గట్టిపడితే పైనే ఎండిపోతుంది. ఒక్క వాన కావాలి. పడితే ఫోన్ చెయ్యమని తమ్ముడికి చెప్పి, బస్సులు మారి ఆ కనుమల్లో కర్ణాటక వైపున్న ఒక నేషనల్ పార్కుకు చేరాం.

గేటు దగ్గరే వాన. ఆ చోటు నాకు అప్పుడే నచ్చలేదు. జీపులో మాతో ఎక్కినవాళ్ళు చేతులు బయటపెట్టి కేరింతలు కొడుతున్నారు. "ఛీ, పాడు వాన, ఫోటోలే సరిగా రావట్లేదు" అంది ఒకామె. ఆమె నోట్లో మట్టి కొట్టాలనిపించింది. జలపాతాలూ, పచ్చని లోయలూ నాకు దొంగసొత్తులాగే కనిపించాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారే, ఆ పూజారి వీపు మీదే మేం షికారు చేస్తున్నాం.

కొండ నెత్తిన జీపు ఆగింది. "తమ్ముడు ఫోన్ చేసినాడా?" అన్నాడు నాయన. లేదన్నాను.

అందరూ లోయ చూడడానికి పోతే ఆయన దారి పక్కన గొంతుక్కూర్చున్నాడు. వాన పడిన మర్నాడు మా వైపు ప్రతి రైతూ చేసే పనే చేశాడు. తడి పదును ఎంత లోతుకు పోయిందో చూడడానికి నేలలో వేలు దించాడు. తరువాత నాలుగు వేళ్ళూ దించాడు. పుల్ల తీసుకుని తవ్వాడు. మోచేతి దాకా చెయ్యి పోయినా ఇంకా తడే.

గార్డు పరుగెత్తుకొచ్చి కన్నడంలో రంకెలు వేశాడు. ఏ మొక్క పీకుతున్నావు, ఏం పాతిపెడుతున్నావు అని.

"ఏమీ పీకల్యాప్పా. మా వాన ఈడ ఎంత లోతుకు పోయిందో చూసుకుంటాండా."

ఆ మాట నేను కన్నడంలో చెప్పాను. గార్డు పగలబడి నవ్వాడు. నవ్వడానికి ఇందులో ఏముందని గట్టిగానే అడిగాను. దాంతో అతని మొహం మాడింది. గుంట పూడ్చి కదలమన్నాడు. నాయన మట్టి మెల్లగా సర్ది పూడ్చాడు.

మర్నాడు పొద్దున బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా చేలోకి నడిచాడు. నేనూ వెంట పోయాను. తమ్ముడు గట్టు మీదే ఉన్నాడు.

"మబ్బు పట్టింది నాయనా. గాలి లేసి కొట్టుకోనిపోయింది" అన్నాడు.

మొక్కల కింద ఊడలు నేలను తాకి, కొసలు నల్లబడి ఉన్నాయి. నాయన మోకాళ్ళ మీద కూర్చుని వేలు దించబోయాడు. దిగలేదు. బలంగా పొడిచాడు. గోళ్ళలో ఇరుక్కున్న కొండమట్టి రాలి పడింది గానీ నేల చెక్కు చెదరలేదు.

"నా వేలే దిగల్యా. ఇంగ పాపం, ఆ ఊడ యాడ దిగుతాది?" అన్నాడు.