చెరువు పుస్తకం వెనక పేజీలు

మొన్న ఆదివారం మా అక్క కొడుకు తాడేపల్లిగూడెం నుంచి వచ్చి, వసారాలో నా పక్కన కూర్చుని, ఫోను తీసి అందులో రాసుకున్న తేదీలు చూపించాడు. పెళ్ళయి మూడేళ్ళయింది, పిల్లల్లేరు. వాళ్ళావిడకి గర్భసంచి మూతి దగ్గర పాలిప్ ఉందని, అంటే చిన్న కండలాంటిది పెరిగిందని, తీయించేస్తే మంచిదని డాక్టరు చెప్పి రెండు నెలలయిందట. ఆ అమ్మాయి వట్లూరులో ఏదో కాలేజీలో పాఠాలు చెబుతుంది. సెలవు దొరకలేదని ఒకసారి, భయంగా ఉందని ఒకసారి వాయిదా వేస్తోందట.

"అత్తయ్యకి మీరు రాసినట్టే నేనూ అన్నీ రాస్తున్నాను మావయ్యా, అమ్మ చెప్పింది. కానీ నాకెందుకో అనుమానంగా ఉంది. దానికసలు పిల్లలు కావాలని ఉందో లేదో!" అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు వాడి కళ్ళలో కనబడిన చూపు నాకు బాగా తెలిసిన చూపు.

బంధువుల్లో నాకొక మంచి పేరుంది. పెళ్ళానికి ఒంట్లో బాగా లేకపోతే తేదీలతో సహా పుస్తకంలో రాసి డాక్టరుకి చూపించిన భర్తనని. పాతికేళ్ళుగా ఆ పేరు మోస్తున్నాను, ఒక్కసారి కూడా కాదనలేదు. ఆ రోజుల్లో ఇళ్ళు ఎలా ఉండేవో తెలిసిన నా ఈడు వాళ్ళకి ఇప్పుడైనా ఉన్నదున్నట్టు చెప్పాలనిపిస్తోంది.

అప్పట్లో నేను పెదపాడు దగ్గర చేపల చెరువుల మీద సూపర్‌వైజరుని. చేపల మేతకి చిల్లుల సంచుల్లో తవుడు నింపి గెడలకి కట్టించడం, నీళ్ళు చూడటం, అన్నీ ఒక పొడుగాటి పుస్తకంలో రాయడం నా పని. తెల్లారేసరికి చేపలు గాలందక నోళ్ళు తెరుచుకుని పైకి తేలితే ఆ తేదీ వేసి, పక్క గడిలో కారణం రాయాలి, మబ్బు పట్టిందనో, నీరు చెడిందనో. దాంతోపాటు కాపలా కూడా నాదే. గట్టు మీద కొత్త అడుగులు ఎవరివి, ఆ సైకిలు ఇక్కడెందుకు ఆగింది అని పొద్దస్తమానం చూసీ చూసీ, ఇంటికొచ్చాక కూడా ఆ చూపు వదిలేది కాదు.

మా అమ్మ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో ఆడవాళ్ళకి రక్తం చుక్క కనబడితే బయటే. వసారా చివర చాప, విడిగా కంచం, గ్లాసు, మూడు రోజులు. పెళ్ళయిన రెండో ఏడు నుంచి మా ఆవిడ నెలకి రెండుసార్లు, మూడుసార్లు కూడా ఆ చాప మీద కనబడటం మొదలైంది. ఇంకొంచెం గమనిస్తే నాకు తట్టిందేమిటంటే, మేమిద్దరం దగ్గరైన మర్నాడే ఆవిడ బయట చేరేది. ఒకసారి కాదు, ఇంచుమించు ప్రతిసారీ.

"నెలకి మూడుసార్లు ఎవరికొస్తుందిరా? నువ్వంటే గిట్టక వేసే వేషాలు," అంది మా అమ్మ. నిజానికి అమ్మ చెప్పకముందే నేను ఆ నిర్ణయానికి వచ్చేశాను. చెరువు పుస్తకాన్ని తిరగేసి వెనక పేజీల్లో రాయడం మొదలుపెట్టాను. మేము కలిసిన తేదీ, దాని ఎదురుగా 'బయట' అని. ఎనిమిది నెలలు రాశాను. మా ఆవిడ చెప్పకుండా దాచుకుంటే ఎవరికీ తెలిసే విషయం కాదని, నిజాయితీగా చెప్పి వెళ్ళి చాప మీద కూర్చుంటోందని నాకు ఒక్కరోజు కూడా తోచలేదు.

చివరికి పెంటపాడు వెళ్ళి, మీ అమ్మాయిని తీసుకెళ్ళిపోండని మా మావగారితో అనేశాను. "అల్లుడుగారూ, ముందు ఒకసారి డాక్టరుకి చూపించండి. ఆనక అక్కణ్ణించి తిన్నగా ఇక్కడికే రండి, మీరేమన్నా కూర్చుని వింటాను," అన్నారు. అంటే డాక్టరుకి చూపించాలన్న ఆలోచన కూడా నాది కాదు.

ఏలూరు తీసుకెళితే అక్కడ లేడీ డాక్టరు, నెల మధ్యలో ఎప్పుడెప్పుడు కనబడుతోందమ్మా అని అడిగితే, మా ఆవిడ నా ముందు సిగ్గుపడి, అప్పుడప్పుడండీ అని తల దించేసుకుంది. దొరికిపోయిందనుకున్నాను. పెంటపాడులో పెద్దవాళ్ళ ముందు పెట్టడానికి తెచ్చిన పుస్తకాన్ని తీసి బల్ల మీద పెట్టాను. డాక్టరు పేజీలు తిప్పింది, మళ్ళీ మొదటి నుంచి చూసింది.

"ఇది మీరే రాశారాండీ? అమ్మా, అదృష్టవంతురాలివి. ఇంత శ్రద్ధగా రాసుకొచ్చే భర్తని నేనింతవరకూ చూళ్ళేదు."

తెర వెనక పరీక్ష చేసి వచ్చి, అది నెలసరి కాదని, గర్భసంచి మూతి దగ్గర పప్పుగింజంత పాలిప్ ఉందని, తగిలినప్పుడల్లా రక్తం కనబడుతోందని, వచ్చేవారం వస్తే తేలిగ్గానే తీసి పరీక్షకి పంపిస్తానని చెప్పింది. పిల్లలు కలగకపోవడానికి అదొక్కటే కారణమని అనలేనని, నన్నూ పరీక్ష చేయించుకోమని కూడా చెప్పింది. నా పరీక్షని మూడు నెలలు దాటవేశాను. ఇదీ ఎవరికీ తెలియదు.

బస్టాండులో మా ఆవిడ పుస్తకం అడిగి తీసుకుంది. మొత్తం చదివింది. ఆఖరి పేజీలో, పెంటపాడులో ఏమనాలో రాసుకున్నది కూడా చదివింది: 'కాపురం ఇష్టం లేదు. తేదీలే సాక్ష్యం.' పుస్తకం మూసి నా చేతికిచ్చింది.

"చేపల గురించి కూడా ఇంత శ్రద్ధగా రాయలేదండీ మీరు," అంది. బస్సుల వైపు తిరిగి, "ఏ బస్సెక్కమంటారు? మా పుట్టింటికి గూడెం బస్సా, మనింటికా?" అంది.

నేను వెళ్ళి ఇంటి బస్సెక్కాను, ఆవిడ వెనకాలే ఎక్కింది. ఇంటి దగ్గర మా అమ్మ అడిగితే, "ఆయన రాసిన తేదీల వల్లే డాక్టరుగారు కనిపెట్టారండీ అత్తయ్యగారూ," అని చెప్పింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. నా మంచి పేరు ఆ మాటతోనే పుట్టింది. మరుసటి వారం పాలిప్ తీయించాం, ఏడాదిన్నరకి మాకు అమ్మాయి పుట్టింది.

మొన్న ఇదంతా మా మేనల్లుడికి చెప్పాను. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోవడం నాకు వినబడుతూనే ఉంది. ఇప్పుడు మా వసారాలో చాప లేదు. పాలిప్ అనే మాట మగవాళ్ళు కూడా మొహమాటం లేకుండా అనేస్తున్నారు. చెరువు నీళ్ళలో గాలి ఎంతుందో చేపలు తేలకముందే మీటరు చెబుతోందట. ఆ పాత పుస్తకంలో చేపలకి కారణం రాయడానికి ఒక గడి ఉండేది గాని, మా ఆవిడ తేదీల పక్కన నేను ఏ గడీ గీయలేదు.

"నొప్పుంటుందేమో అడిగావా? దేనికి భయపడుతోందో అడిగావా?" అన్నాను. వాడు ఫోనులో తేదీల వంక చూసి, లేదు మావయ్యా అన్నాడు. తరవాత లేచి గేటు దాకా వెళ్ళి, వాళ్ళావిడకి ఫోను చేసి, అడిగాడు.

మా ఆవిడ కాఫీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వాడు తిరిగి మాట్లాడటం లేదు, వింటున్నాడంతే. కాఫీ చల్లారిపోయింది, వాడింకా వింటూనే ఉన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు అంత పొడుగుంటుందని నాకు ఈ వయసులో తెలిసింది.