కొత్త వాసన లేని కూలర్ల వెంట, మార్కాపురం నుంచి అర్ధవీడు వైపు

మా ఇంట్లో నా ముక్కుకు మంచి పేరు లేదు. పక్కింట్లో పోపు మాడినా ముందు నాకే తెలుస్తుంది, ఇక ఆ పూటంతా నా సణుగుడే. పోయిన ఎండాకాలం గుంటూరులో కొత్త కూలర్ కొన్నాం. స్విచ్ వేయగానే గదంతా రంగు డబ్బా మూత తీసినట్టయింది. అమ్మకు తలనొప్పి పట్టుకుంది. షాపాయనకు ఫోన్ చేస్తే, "కొత్తది కదమ్మా, కొత్త వాసన ఉండదా?" అన్నాడు, ఏదో శుభవార్త చెబుతున్నట్టు. వాసన పోవాలని కిటికీలన్నీ తెరిచి పడుకున్నాం. కూలర్ ఖర్చు మాది, పండగ దోమలది. ఆ కోపంలోనే, ఈ వాసన లేకుండా కూలర్లు చేసేవాళ్ళే లేరా అని వెతకడం మొదలుపెట్టాను. ఒక స్నేహితురాలు మార్కాపురంలో కూలర్లు చేసే, తనకు తెలిసిన షెడ్డు ఉందని చెప్పింది. దాన్ని నడిపే రూతుకు ఫోన్ చేస్తే, "శుక్రవారం రాక్కా. కొత్త పద్ధతిలో చేసిన మొదటి సరుకు అర్ధవీడు దగ్గర చర్చికి పోతాంది. నువ్వూ చూద్దువు గానీ" అంది.

గుంటూరు నుంచి నంద్యాల వైపు వెళ్ళే పొద్దుటి రైలు ఎక్కితే ఎండ ముదరకముందే మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగొచ్చు. పేరు చూసి మోసపోకండి, స్టేషన్ ఒకచోట, ఊరు ఇంకోచోట. బయట షేర్ ఆటోలు ఉంటాయి, చిల్లర చేతిలో ఉంచుకుంటే పేచీ ఉండదు. పలకల రాయి గుట్టలు దాటి ఊళ్ళోకి వచ్చి, షెడ్డు ఎక్కడని అడిగేలోపే ఒక గొంతు వినిపించింది. రోడ్డుకు ఇవతల అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని, అవతల షెడ్డులో ఉన్నవాళ్ళకు కేకలేసి పనులు చెబుతున్నాడు. ఆయనే రూతు వాళ్ళ నాయన, ఏసోబు.

"లోపలికి రాడా?" అని రూతును అడిగాను.

"రాలేడక్కా. ఇంతకుముందు రేకును ఆసిడ్‌తో కడిగి, రంగు బాగా పట్టాలని పసుపచ్చ క్రోమియం నీళ్ళలో ముంచుతాంటిమి. ఆ పైన థిన్నర్ కలిపిన రంగు స్ప్రే. ఏండ్ల తరబడి ఆ గన్ను పట్టింది మా నాయనే. మూతికి తువ్వాల తప్ప ఏమీ లేదు. ఇప్పుడు ఆ వాసన తగిలితే చాలు, ఊపిరాడదు. తన కూలర్ ముందు తనే కూర్చోలేడు."

అందుకే రూతు పద్ధతి మొత్తం మార్చేసింది. ఇప్పుడు రేకును క్రోమియం లేని మందుతో కడుగుతున్నారు, కడిగిన నీళ్ళను తొట్టిలో పట్టి శుద్ధి చేస్తున్నారు. తడి రంగు బదులు పొడి రంగు. దాన్ని కరెంటు గన్నుతో చల్లితే రేకుకు అంటుకుంటుంది, మనిషి పట్టేంత ఇనప పొయ్యిలో పెడితే కరిగి గట్టిపడుతుంది. థిన్నర్ ఊసే లేదు. ఆ పొడి కూడా పీల్చకూడదు కాబట్టి అందరికీ మాస్కులున్నాయి, దుమ్ము లాగే ఫ్యాను ఉంది. మిగిలిపోయిన పాత డబ్బాలను వెనక గుంతలో పారబోయమన్నాడట ఏసోబు. ఆమె వాటిని గదిలో పెట్టి తాళం వేసి, ప్రమాదకరమైన వ్యర్థాలు తీసుకెళ్ళే బండి వచ్చాకే అప్పగించిందట. నా ముక్కుతో షెడ్డంతా తిరిగి వెతికాను. వేడి ఇనుము వాసన తప్ప ఏమీ దొరకలేదు.

"వాసన పోయినా నాయన అరుగు దిగడు, రంగేసేకాడ వాసన లేకుండా ఎట్లుంటదే అంటాడు. జనమూ అంతే. కొత్త వాసన రాకపోతే పాత సరుకనుకుంటారు. ఈ మూడు కూలర్లు వాపసు వస్తే నేను మళ్ళీ థిన్నర్ డబ్బాలు తెచ్చుకోవాల్సిందే అక్కా" అంది. ఆ మాట అంటూ ఆమె రోడ్డవతలకే చూస్తోంది.

ట్రాలీ ఆటోలో కూలర్ల మధ్య రూతూ నేనూ ఇరుక్కున్నాం. ఆ చర్చి సంఘపెద్ద పౌలు తనకు వరసకు బావ కాబట్టి చూసొస్తానని ఏసోబు డ్రైవర్ కాశయ్య పక్కన ఎక్కాడు. మీరు మాత్రం హాయిగా బస్సులో కంభం వెళ్ళి, అక్కడినుంచి అర్ధవీడు వైపు ఆటో పట్టుకోండి, నడుము మిగులుతుంది. కంభంలో ఉగ్గాని, బజ్జీ తిన్నాను. రూతుకు ఉపవాసం, నాకు లేదు. "పెద్దాయన నోరు ఆగట్లా. ఊపిరి తక్కువంటారు గానీ మాటలు ఎక్కువే" అని కాశయ్య మెల్లగా అన్నాడు.

మధ్యాహ్నం ఎండ నెత్తిన ఉండగా చర్చి చేరాం. ఉపవాస ప్రార్థనకు ఆడవాళ్ళు చాపలు పరుస్తున్నారు. కూలర్లు దించి, నీళ్ళు పోసి, మూడూ ఆన్ చేశారు. పౌలు వాటి చుట్టూ ఒకసారి తిరిగాడు, వంగి వాసన చూశాడు, మళ్ళీ చూశాడు.

"ఏంది పాపా ఇది? కొత్త వాసనే రాలా. పాతవాటికి రంగేసి తెచ్చినావా?"

"కొత్తవే మామా."

"కొత్తదైతే కండ్లు మండాల గదా. పాస్టరుగారింటికి మీ నాయన ఇచ్చినప్పుడు వారం మండినాయి. ఇవి తీసకపో."

రూతు ముఖం పాలిపోయింది. పొయ్యి గురించి, పొడి గురించి చెప్పబోయి ఆగింది. చుట్టూ చూసి, "ముందు మా నాయన ఎక్కడున్నాడో చూడు మామా" అంది.

అందరం తిరిగి చూశాం. పాస్టరుగారింట్లో కూలర్ పెట్టిన రోజు వాసనకు తాళలేక వీధిలోనే నిలబడిపోయాడని రూతు దారిలో చెప్పిన మనిషి, ఇప్పుడు మధ్య కూలర్‌కు బారెడు దూరంలో, చొక్కా గుండీలు విప్పుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఊపిరాడక సొమ్మసిల్లాడేమో అనుకున్నాను. అప్పుడు గురక వినిపించింది.

రూతు దగ్గరికి పోబోతే పౌలు చెయ్యి అడ్డం పెట్టాడు. "లేపొద్దు" అన్నాడు. నిద్రపోతున్న బావను కాసేపు చూసి, తన చాప లాక్కొచ్చి ఆయన పక్కనే వేసుకున్నాడు. కూలర్ల సంగతి మళ్ళీ ఎత్తలేదు. పాట మొదలైంది, డోలక్ మోగింది, అయినా ఏసోబు లేవలేదు. రూతు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతోంది. నాకైతే ఆ కూలర్లు నేనే చేసినంత గర్వం వేసింది.

సాయంత్రం కంభంలో తిరుగు రైలెక్కాక ఆలోచించాను. విషాన్ని కొత్తదనం అనుకుని ముక్కులు మూసుకుని డబ్బిచ్చి తెచ్చుకున్నాం ఇన్నాళ్ళూ. ఆ వాసన మనకు వారం రోజుల ముచ్చట, గన్ను పట్టినవాడికి జీవితకాలం. దాన్ని ఒక షెడ్డులోంచి తరిమేయడానికి మొండిగా నిలబడ్డ ఒక కూతురు సరిపోయింది. కూలర్ కొనబోయే వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. కొట్లోనే ఆన్ చేయించండి. మీ ఇంట్లో అందరికంటే ఊపిరి తక్కువున్న మనిషిని వెంట తీసుకెళ్ళి దాని ముందు కూర్చోబెట్టండి. ఆ మనిషికి కునుకు పడితే, బేరమాడకుండా కొనేయండి.