పొగడకూడని రోజు

మా వీధి మలుపులో బట్టలు కుట్టే ఆవిడను అందరూ టైలరమ్మ అంటారు. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడుతుంది. అయినా ఒక్క మాటా తడబడదు. చొక్కా చేతులు పొట్టి చేయించుకోవడానికి వెళ్లిన నేను, గోడ మీది సైనికుడి ఫొటో చూసి, “మీ అన్నయ్యా? చాలా ధైర్యవంతుడై ఉంటాడు” అన్నాను.

“ష్! ఇవాళ పొగడకూడదు” అంది.

ఎందుకో చెప్పేదాకా నేను కదల్లేదు.

ఆయన యుద్ధంలో పోయాక పెద్దమనుషులు సభ పెట్టి, ఆయనకు భయమంటే తెలియదన్నారట. “మా అమ్మ ఇంటికొచ్చి, ‘ఎవరి కొడుకు గురించి చెప్పారే వాళ్లు? మనవాడు బల్లిని చూస్తే మంచమెక్కేవాడు కదా!’ అని ఏడ్చింది. నాన్నేమో, ‘నా చెప్పులేసుకెళ్లి ఒకటి పారేసుకొచ్చిన వెధవ’ అన్నాడు. ఏడుస్తూనే నవ్వేశాం.”

అప్పటినుంచి ఆయన పోయిన రోజున ఇంటిల్లిపాదీ ఆయన్ని తిట్టుకుంటారు. తలా ఒక ఫిర్యాదు. అది నిజమై ఉండాలి, సొంతదై ఉండాలి.

“ఆయన్ని ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నాతోనే సరి” అంటూ దారం కొరికింది.

సాయంత్రం నన్నూ ఉండమంది. “నా జడ కుర్చీకి ముడేసి, అమ్మ పిలుస్తోందని అబద్ధం చెప్పాడు” అని మొదలుపెట్టింది.

“పోయినేడూ ఇదే చెప్పావమ్మా” అన్నాడు కొడుకు.

“అయితే నువ్వు చెప్పు!”

“మామయ్యని చూస్తే కదా చెప్పడానికి.”

టైలరమ్మ ముఖం వాడిపోయింది. అప్పుడు కొత్తగా కాపురానికొచ్చిన కోడలు గొంతు సవరించుకుంది.

“అత్తయ్యా, నేను తిట్టొచ్చా? ఆ తలుపు గడియ తలకిందులుగా బిగించింది మీ అన్నగారేనటగా? వచ్చిన రోజునుంచీ నా వేళ్లు నలిగిపోతున్నాయి. చేతకానప్పుడు ఊరుకోవచ్చుగా మహానుభావుడు!” అని నల్లబడ్డ గోరు చూపించింది.

టైలరమ్మ ఆ వేలు పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఫొటో వైపు తిరిగి, “విన్నావా అన్నయ్యా? నీ ముఖం చూడని పిల్ల కూడా మొదలెట్టింది!” అని పకపకా నవ్వింది.

“నా వేళ్లు దానికెప్పుడో అలవాటైపోయాయి” అన్నాడు కొడుకు. “సరే, రేపే కొత్త గడియ...”

“ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా!”

సెలవు తీసుకుని నేను తలుపు దగ్గరికి వెళ్లాను. గడియ లాగగానే, “అబ్బా!” అన్నాను.

లోపలినుంచి టైలరమ్మ కేక వినిపించింది: “వచ్చే ఏడు మీరూ రావాలి!”